కెర్నెల్ షెడ్యూలరు – లాకుల చిక్కు: ఒక సమీక్ష

వేదశాస్త్ర పాండిత్యమునకు తరతరములుగా పేరువడిన ధర్మపురిలో తర్కము చదువుకొన్నవారికి ఆత్మాశ్రయము, అన్యోన్యాశ్రయము, చక్రకము అను దోషములు కొత్తవి కావు. తన సిద్ధికి తననే ఆధారముగా కోరుట మొదటిది. రెండు విషయములు ఒకదాని సిద్ధికై మరియొకదానిని కోరుకొనుట రెండవది. ఆ కోరిక మూడవదానిగుండా తిరిగివచ్చి మొదటిదానినే చేరుట మూడవది. అదే జగిత్యాల జిల్లాలోని నాచుపల్లి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాలలోను, గోదావరికి ఎగువన బాసర ట్రిపుల్ ఐటీలోను ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠము వినుచున్న విద్యార్థులు డెడ్‌లాక్ అను పేరుతో నేర్చుకొనునది ఈ దోషములనే. డైక్‌స్ట్రా 1965లో పరస్పర వర్జన సమస్యను విప్పి చెప్పినది మొదలు, 1971లో కాఫ్మన్, ఎల్ఫిక్, షోషానీలు డెడ్‌లాక్ పుట్టుటకు కావలసిన నాలుగు నిబంధనలను నిరూపించిన వ్యాసమువరకు పాఠ్యగ్రంథములు చక్కగా నడచును. బల్లచుట్టు కూర్చున్న తత్త్వవేత్తల ఉదాహరణముతో అధ్యాయము ముగియును. కాని ఈ దోషములు మిక్కిలి దుర్ఘటముగా కానవచ్చు చోటు, అనగా కెర్నెల్‌లోని టాస్క్ షెడ్యూలరు, ఆ అధ్యాయములో కానరాదు. దానినిగూర్చియే ఈ సమీక్ష.

షెడ్యూలరు పని యేమనగా, నడుచుటకు సిద్ధముగానున్న టాస్కులలో ఏది యే ప్రాసెసరుమీద ఎంతసేపు నడువవలెనో నిర్ణయించుట. సిద్ధముగానున్న టాస్కుల వరుసకు రన్‌క్యూ అని పేరు. ఒకే క్షణమున రెండు ప్రాసెసర్లు ఆ వరుసను సవరింపబోయినచో ఒకే టాస్కు రెండుచోట్ల నడచుటయో, ఏ వరుసలోను లేక మాయమగుటయో సంభవించును గనుక, వరుసను ముట్టదలచిన ప్రాసెసరు ముందుగా దాని లాక్‌ను పట్టుకొనవలెను. ఇంతవరకు షెడ్యూలరునకును తక్కిన ప్రోగ్రాములకును భేదము లేదు. భేదము పుట్టునది ఇక్కడ: సాధారణమైన ప్రోగ్రాము తాను కోరిన లాక్ దొరకనప్పుడు నిద్రపోవచ్చును, దానిని నిద్రపుచ్చి, లాక్ విడుదలైన పిమ్మట మరల లేపునది షెడ్యూలరే. ఇక షెడ్యూలరునకే లాక్ దొరకనిచో దానిని నిద్రపుచ్చునది యేది? తనకంటె క్రింద ఆనుకొనుటకు ఏమియు లేనిది గనుక, అది మెలకువతోనే నిలిచి, లాక్ వదలబడినదా లేదా యని మాటిమాటికి చూచుచు, ఒకేచోట తిరుగుచుండవలెను. దీనినే స్పిన్‌లాక్ అందురు. అదియును చాలదు. లాక్ చేతనుండగా అదే ప్రాసెసరుమీద ఒక ఇంటరప్టు వచ్చి, దాని హ్యాండ్లరు ఏదో టాస్కును లేపబోయి, అదే రన్‌క్యూ లాక్‌ను కోరినచో, లాక్ వదలవలసినవాడు హ్యాండ్లరు ముగియుటకును, హ్యాండ్లరు లాక్ వదలబడుటకును ఎదురుచూచుచు యంత్రము అక్కడనే నిలిచిపోవును. కావున రన్‌క్యూ లాక్ పట్టుకొన్నంతసేపును ఆ ప్రాసెసరునకు ఇంటరప్టులు మూసివేయబడి యుండవలెను. ఇంటరప్టులు మూసినంతసేపు బయటి లోకమునకు ఆ ప్రాసెసరు చెవిటిది. ఈ చెవిటితనము సెకనులో లక్షోవంతులలో కొలువవలసినదే కాని, దానిని మించినచో శబ్దము తెగును, నెట్‌వర్కు ప్యాకెట్లు జారిపోవును.

ఈ సమస్యకు జరిగిన సవరణలను వరుసగా పరిశీలించినచో నాకు తోచునది యిది: మెరుగైన లాకులను కనిపెట్టుటవలన కలిగిన మేలు స్వల్పము, లాక్ క్రింద జరుగవలసిన పనిని విభజించుటవలనను, వాయిదావేయుటవలనను, కొంతకొంతగా ఒప్పచెప్పుటవలనను కలిగినదే అధికము. మరియు ప్రతి సవరణయు చిక్కును తీసివేయుటకు బదులు, భరింపదగిన మరియొక చోటికి దానిని జరిపినది.

ఉదాహరణమునకు లినక్స్ కెర్నెల్‌ను తీసికొందము. ధర్మపురి బస్‌స్టాండులో ఎవరి చేతిలోనున్న ఆండ్రాయిడ్ ఫోనులోనైనను, హైదరాబాదువారు తెలుగులో రూపొందించిన ‘స్వేచ్ఛ’ ఆపరేటింగ్ సిస్టమునందైనను అడుగుననున్నది ఆ కెర్నెలే. అంతకుమించి, దాని మార్పులన్నియు బహిరంగముగా జరిగినవి గనుక చరిత్ర వ్రాయుటకు అనుకూలము. 1996లో వెలువడిన 2.0తో లినక్స్ బహుప్రాసెసరు యంత్రములపై నడుచుట నేర్చెను. కాని కెర్నెలంతటికిని ఒకే పెద్ద లాక్—బిగ్ కెర్నెల్ లాక్—ఉండెడిది. ఈ లాక్ ఒక వింత పదార్థము: దానిని పట్టుకొన్న టాస్కు నిద్రపోయినచో షెడ్యూలరే దానిని వదలించి, మేల్కొన్నప్పుడు మరల చేతికిచ్చెడిది, లాక్ చేతనున్నదని నమ్మి నడుచుచున్న ప్రోగ్రామునకు నడుమ అది జారిపోయి వచ్చిన సంగతియే తెలియదు. కెర్నెల్‌లోని మూలమూలలకు ప్రాకిన ఆ లాక్‌ను పూర్తిగా పెరికివేయుటకు 2011వరకు, అనగా 2.6.39 వెలువడువరకు, పట్టెను. షెడ్యూలరు మాత్రము అంతకుముందే దానినుండి బయటపడి 2.4 నాటికి తనదైన లాక్‌ను సంపాదించుకొనెను. ఐనను ఎన్ని ప్రాసెసర్లున్నను రన్‌క్యూ ఒకటే, లాక్ ఒకటే. ఎనిమిది ప్రాసెసర్లు ఒకే లాక్‌కై తిరుగుచుండగా వరుసలోని ప్రతి టాస్కునకును విలువకట్టి చూచు ఆ పద్ధతిలో, టాస్కులు పెరిగినకొలది లాక్ పట్టుబడియుండు కాలమును పెరిగెడిది.

2002 జనవరిలో ఇంగో మోల్నార్ ప్రవేశపెట్టిన షెడ్యూలరు ఈ ముడిని రెండువిధముల విప్పెను. ప్రతి ప్రాసెసరునకు తన రన్‌క్యూ, తన లాక్ ఏర్పడెను. నూటనలుబది ప్రాధాన్య స్థాయిలకు ఒక బిట్‌మ్యాప్ నుంచి, టాస్కులెన్నియున్నను ఎన్నిక ఒకే కాలములో ముగియునట్లు చేయబడెను. 2003 డిసెంబరున 2.6తో ఇది జనబాహుళ్యమునకు చేరెను. 2007లో దీనిస్థానమున ఎఱుపు–నలుపు వృక్షము ఆధారముగా గల సి.ఎఫ్.ఎస్. వచ్చెను, 2023లో ఇ.ఇ.వి.డి.ఎఫ్. వచ్చెను; ఎన్నిక సూత్రములు మాఱినను ప్రాసెసరునకొక లాక్ అను ఏర్పాటు మాత్రము నిలిచినది. ఇతరులును ఇదే త్రోవ పట్టిరి. ఫ్రీబీఎస్‌డీలో 2007లో జెఫ్ రాబర్సన్ ఏకైక షెడ్యూలరు లాక్‌ను ఛేదించి, ప్రతి థ్రెడ్డును తనను ప్రస్తుతము కాపాడుచున్న లాక్ ఏదో తానే చూపునట్లు చేసెను. థ్రెడ్డు ఒక వరుసనుండి మరియొక వరుసకు పోయినప్పుడు ఆ చూపు మాఱును. సొలారిస్‌లో అంతకుముందే ఉన్న ఆలోచన యిది. విండోస్‌లో డిస్పాచరు లాక్ అను ఏకైక షెడ్యూలరు లాక్ చాలకాలము నిలిచి, 2009 నాటి విండోస్ 7లో అరుణ్ కిషన్ చేసిన పునర్నిర్మాణముతో తొలగిపోయెను. 256 లాజికల్ ప్రాసెసర్లవరకు ఆ కెర్నెల్ విస్తరించుటకు అది తోడ్పడెను.

విభజనతో అన్యోన్యాశ్రయము ప్రవేశించెను. లాక్ ఒక్కటియైనప్పుడు రెండు లాకుల నడుమ కలహమునకు తావులేదు. రన్‌క్యూకొకటి యైన పిమ్మట, ఒకచోట టాస్కులు క్రిక్కిరిసి మరియొకచోట ప్రాసెసరు ఖాళీగానున్నప్పుడు బరువును సమముగా పంచవలసిన పని యేర్పడును. దానికి రెండు రన్‌క్యూలను ముట్టవలెను. మొదటి ప్రాసెసరు తన లాక్ పట్టుకొని రెండవదానిని, రెండవ ప్రాసెసరు తన లాక్ పట్టుకొని మొదటిదానిని కోరినచో ఇద్దరును శాశ్వతముగా తిరుగుచుందురు. దీనికి కుదిరిన తొలి సవరణ ఎంత సులభమో అంత పటిష్ఠము: రెండు రన్‌క్యూలలో మెమరీ చిరునామా తక్కువగానున్నదాని లాక్‌ను ముందు పట్టవలెనని నియమము. అందఱును ఒకే వరుసలో ఎక్కినచో చక్రము ఏర్పడుటకు వీలులేదు. కాని ఆచరణలో, ప్రాసెసరు చేతిలో ఒక లాక్ ముందే ఉన్న తరువాత రెండవది కావలసివచ్చును. అది వరుసలో ముందుదైనచో, చేతిలోనిదానిని వదలి రెంటిని క్రమముగా పట్టుకొనక తప్పదు. ఆ వదలిన లిప్తపాటులో లోకము మాఱియుండవచ్చును: తరలింపదలచిన టాస్కు నడువ మొదలిడియుండవచ్చును, నిద్రపోయియుండవచ్చును, చచ్చియుండవచ్చును. కావున లాక్ మరల దొరకిన తరువాత మునుపు చూచినదెల్ల మరల చూడవలెను. షెడ్యూలరు దోషములలో పెక్కు, వెనుకటి చూపును నమ్మి ముందుకుపోవుటవలన కలిగినవే.

ఈ మరల చూచుట ఎట్లుండునో టాస్క్ ఆర్‌క్యూ లాక్ అను చిన్న ఫంక్షనులో స్పష్టముగా కానవచ్చును. ఒక టాస్కు ఏ రన్‌క్యూలో నున్నదో దాని లాక్‌ను పట్టుకొనుట ఈ ఫంక్షను పని. చిక్కేమనగా, టాస్కు ఏ వరుసలోనున్నదో తెలియుటకు లాక్ కావలెను, ఏ లాక్ కావలెనో తెలియుటకు టాస్కు ఎక్కడనున్నదో తెలియవలెను. కావున అది ముందు టాస్కునకు చెందిన పి.ఐ. (ప్రాధాన్య వారసత్వ) లాక్‌ను పట్టుకొని, టాస్కు ఫలానా వరుసలోనున్నదని ఊహించి, ఆ వరుస లాక్‌ను పట్టుకొని, ఇప్పుడైనను టాస్కు అచ్చటనే యున్నదా, వలసలో నున్నదా యని అడుగును. ఉన్నచో పని సాగును. లేనిచో రెండు లాకులను వదలి, వలస ముగియువరకు నిలిచి, మొదటినుండి మరల ప్రారంభించును. పట్టుమని ఇరువది పంక్తులు లేని ఈ లూపు, ఊహించి పట్టి సరిచూచుకొను పద్ధతికి నాకు తెలిసిన మాదిరులలో అందమైనది.

అందులోని ‘వలసలో నున్నదా’ యను ప్రశ్నకు 2014 నాటి ఒక సవరణ కారణము. అంతకుముందు బరువును పంచునప్పుడు రెండు లాకులను ఒక్కసారి పట్టుకొనెడివారు. కిరిల్ త్కాయ్ దానిని మాన్పించెను: ముందు బరువైన రన్‌క్యూ లాక్ క్రింద టాస్కులను విడదీసి, వానిపై వలస గుర్తు వేసి, ఆ లాక్ వదలి, పిమ్మట రెండవ లాక్‌ను పట్టుకొని వానిని చేర్చుట. ఇప్పుడు ఈ పంపకములో రెండు లాకులు ఒక చేతిలో ఉండవు. ఐతే టాస్కు ఏ వరుసకును చెందని త్రిశంకు స్థితి యొకటి క్రొత్తగా పుట్టినది, దానిని తక్కిన షెడ్యూలరంతయు గుర్తెఱిగి మసలవలసివచ్చినది. చిక్కు జరిగినదనుటకు ఇంతకంటె మంచి సాక్ష్యము అక్కరలేదు.

షెడ్యూలరు లాక్‌నకు మరియొక విలక్షణత కలదు. సాధారణముగా లాక్‌ను పట్టినవాడే వదలును. రన్‌క్యూ లాక్‌ను మాత్రము ఒక టాస్కు పట్టును, మరియొక టాస్కు వదలును. పాత టాస్కు లాక్ పట్టుకొని, తరువాతి టాస్కును ఎన్నుకొని, తన రిజిస్టర్లను దాచి, స్టాకును మార్చును. ఆ మార్పుతో తాను నిద్రలో మునుగును. క్రొత్త టాస్కు తాను మునుపెప్పుడో నిద్రించినచోటనే మేల్కొని, మొట్టమొదట చేయుపని, తనకు ముందు నడచినవాడు పట్టిన లాక్‌ను విడిచిపెట్టుట. అప్పుడే పుట్టిన టాస్కునకు నిద్రించిన చోటు లేదు గనుక, దానికై వేరుగా ఒక ప్రవేశద్వారము కట్టి అక్కడ ఈ విడుదల పనిని వ్రాసియుంచవలెను. ఎం.ఐ.టి.లో బోధనకై వ్రాసిన ఎక్స్‌వి6 అను చిన్న కెర్నెల్‌లోను ఇదే ఏర్పాటు. విద్యార్థి చదివి జీర్ణించుకొనుటకు లినక్స్‌కంటె అది నయము.

ఇక, షెడ్యూలరు తన లాక్‌ను పట్టుకొనియుండగా పరులను పిలుచుటవలన కలుగు ఆపదలు. వీనిలో ప్రింట్‌కే వృత్తాంతము నవ్వుపుట్టించును. కెర్నెల్‌లో ఎక్కడనైనను తప్పు కానవచ్చినచో ఒక హెచ్చరికను అచ్చువేయుటకు ప్రింట్‌కే అను ఫంక్షను కలదు. అది అచ్చువేసి, కన్సోల్ సెమాఫోరును వదలునప్పుడు, దానికై కాచుకొన్న టాస్కును లేపవచ్చును. లేపుటకు షెడ్యూలరు లాకులు కావలెను. షెడ్యూలరే తన లాక్ పట్టుకొనియుండి ‘ఇక్కడ దోషమున్నది’ అని ప్రింట్‌కేతో చెప్పబోయినచో, ఆ చెప్పుటయే యంత్రమును స్తంభింపజేయును. హెచ్చరిక ఎవ్వరికిని చేరదు, వ్యాధిని తెలుపవలసినదే రోగిని చంపును. 2012లో పీటర్ జిల్‌స్ట్రా దీనికై వేరొక రూపమును చేర్చెను. అది సందేశమును ఒక బఫరులో నిలిపి, అచ్చును తరువాతి అదనునకు వాయిదావేయును.

ఇదే జాతిది 2011లో 3.0 కెర్నెల్ విడుదలకు ముందు ఆర్.సి.యు.లో బయటపడిన చిక్కు. ఆర్.సి.యు. అనగా, చదువువారు లాక్ లేకుండ చదువునట్లును, వ్రాయువారు పాత చదువరులందఱు వెళ్లిపోవువరకు ఆగునట్లును చేయు పద్ధతి. పాల్ మెక్‌కెన్నీ, దీపాంకర్ శర్మల కృషితో 2002లో లినక్స్‌లో చేరినది. చదువరి నడుమ తొలగింపబడి, పిమ్మట చదువు ముగించునప్పుడు ఆర్.సి.యు. కొందఱిని లేపవలసివచ్చును, షెడ్యూలరు తన లాక్‌తో నుండగా ఆ ముగింపు జరిగినచో ఆర్.సి.యు. షెడ్యూలరును, షెడ్యూలరు ఆర్.సి.యు.ను ఆశ్రయించి నడుమ ఇంటరప్టులుకూడ చేరి చక్రకమే యేర్పడును. షెడ్యూలరు లాకులను పట్టుకొని చదువు ముగింపదలచినచో, చదువు మొదలుకొని ఇంటరప్టులు మూసియుండవలెనను నియమము అటుపిమ్మట చాలకాలము నడచినది.

నా దృష్టిలో ఈ చరిత్రమొత్తములో మిక్కిలి గొప్ప సవరణ షెడ్యూలరులో జరిగినది కాదు. 2006 సెప్టెంబరున 2.6.18తో ఇంగో మోల్నార్, అర్యాన్ వాన్ డి వెన్ చేర్చిన లాక్‌డెప్ అనునది దోషమును పట్టు విధానమునే మార్చివేసెను. అంతవరకు డెడ్‌లాక్ దొరకవలెనన్నచో అది జరుగవలెను. ఏడాదికొకసారి ఎక్కడనో ఒక సర్వరుమీద జరుగు దోషమును ప్రయోగశాలలో రప్పించుట దుస్సాధ్యము. లాక్‌డెప్ అట్లు కాచుకొనదు. ఒకే చోట పుట్టిన లాకులన్నింటిని ఒక తరగతిగా నెంచి, ఏ తరగతి చేతనుండగా ఏ తరగతిని పట్టిరో ప్రతిసారి వ్రాసికొని, ఆ చిట్టాలో చక్రము కానవచ్చిన వెంటనే అరచును. మొదటి క్రమము సోమవారమునను, దానికి విరుద్ధమైన క్రమము వేరొక ప్రాసెసరుమీద గురువారమునను జరిగినను చాలును, రెండును ఢీకొననక్కరలేదు. ఇంటరప్టులో పట్టిన లాక్‌ను మరియొకచోట ఇంటరప్టులు మూయక పట్టినను అది గుర్తించును. వేగము తగ్గునని దీనిని సామాన్య యంత్రములలో ఆపియుంతురు. పరీక్షించు యంత్రములలో ఆపువాడు మాత్రము సోమరి యని నా నిశ్చయము.

డెడ్‌లాక్ కాని లాక్ దోషమునకు ప్రసిద్ధోదాహరణము అంగారకునిమీద జరిగినది. 1997 జూలై 4న దిగిన మార్స్ పాత్‌ఫైండర్ కొన్నాళ్లకు తనంతతాను మరల మరల రీసెట్ కాసాగెను. వాతావరణ సమాచారమును ప్రోగుచేయు తక్కువ ప్రాధాన్యపు టాస్కు ఒక లాక్ పట్టుకొనియుండగా, ఎక్కువ ప్రాధాన్యముగల టాస్కు దానికై ఆగెను. నడుమ ప్రాధాన్యముగల సమాచారప్రసార టాస్కు వచ్చి, క్రిందిదానిని నడువనీయక, తద్ద్వారా పైదానినికూడ ఆపివేసెను. కాపలా టైమరు ఇది చూచి యంత్రమును రీసెట్ చేయుచుండెను. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీవారు భూమిమీది ప్రతిరూపములో దోషమును పునఃసృష్టించి, నౌక ఆపరేటింగ్ సిస్టమైన వీఎక్స్‌వర్క్స్‌లో ఆ లాక్‌నకు ప్రాధాన్య వారసత్వమును అనుమతించు గుర్తును మార్చి పంపిరి. లాక్ పట్టినవాడు, తనకై ఆగినవారిలో ఘనుని ప్రాధాన్యమును తాత్కాలికముగా పొందవలెనను ఈ సూత్రమును లూయీ షా, రాజ్‌కుమార్, లెహోజ్కీలు 1990లోనే సిద్ధాంతీకరించియుండిరి. వారసత్వము గొలుసుగా సాగును గనుక, ఒక టాస్కు ప్రాధాన్యము మార్చుటకు దాని యజమాని, అతని యజమాని యని నడువవలెను. పైన చెప్పిన పి.ఐ. లాక్ ఆ నడకకే ఏర్పడినది. 2024 నవంబరున 6.12తో మూలకెర్నెల్‌లో చేరిన ప్రీఎంప్ట్ ఆర్.టి. అను రియల్‌టైమ్ సవరణ, లినక్స్ కెర్నెల్‌లోని స్పిన్‌లాకులలో అధికభాగమును నిద్రపోగల లాకులుగా మార్చినను రన్‌క్యూ లాక్‌ను అట్లు మార్చలేకపోయెను. కారణము ఆదిలోనే చెప్పితిని.

లాకుల నిర్మాణములో జరిగినదానిని క్లుప్తముగా చెప్పవచ్చును. ముందు వచ్చినవానికి ముందు దొరకునట్లు 2008లో నిక్ పిగిన్ టికెట్ లాక్‌ను తెచ్చెను. అందఱును ఒకే మెమరీ చోటును చూచుచు తిరుగుటవలని భారమును తప్పించుటకు, మెలోర్ క్రమ్మీ, స్కాట్ 1991లో ప్రతిపాదించిన వరుస లాక్‌ను ఆధారముగా చేసికొని, వైమన్ లాంగ్ మొదలగువారి క్యూ స్పిన్‌లాక్ 2015లో వచ్చెను. ఇవి రద్దీని నాగరికముగా భరింపజేయునే కాని, రద్దీని తగ్గింపవు.

రద్దీని తగ్గించినది 2011లో జిల్‌స్ట్రా మేల్కొలుపు మార్గమునందు చేసిన మార్పు. వేరొక ప్రాసెసరుమీద నిద్రించిన టాస్కును లేపుటకు అవతలి రన్‌క్యూ లాక్‌ను పట్టుట మాని, దానిని అవతలి ప్రాసెసరు జాబితాలో వేసి, ఒక సంకేతము పంపినచో, అవతలివాడే తన లాక్ క్రింద తన వరుసలో చేర్చుకొనును. లాక్ పోయినది, కాని టాస్కు అవతల ఇంకను నడుచుచున్నదా, దిగినదా యని ఒక గుర్తును చూచి తెలిసికొనవలసి వచ్చెను, ఆ గుర్తును, నిద్రాస్థితిని ఏ వరుసలో వ్రాసి ఏ వరుసలో చదువవలెనో మెమరీ బారియర్లతో శాసింపవలసి వచ్చెను. ఆ ఫంక్షనులో ఇప్పుడు కోడుకంటె వ్యాఖ్యానమే ఎక్కువ, మూలముకంటె భాష్యము పెరిగినట్లు. లాక్ దోషమును లాక్‌డెప్ పట్టును. బారియరు దోషమును పట్టుటకు అట్టి సాధనము చేతికందునంత సులభముగా లేదు గనుక, ఈ మార్గములో ఇంకను ముందుకుపోవలెనను ఉత్సాహమునకు నేను వెనుదీయుదును.

లాక్ లేని చూపునకు మూల్యమును కలదు. ఇతర రన్‌క్యూల బరువును లాక్ లేకయే స్థూలముగా చదువు పద్ధతిలో నిర్ణయములు అంచనాలపై నిలుచును. 2016లో లోజీ ప్రభృతులు, టాస్కులు వరుసలో కాచుకొనియుండగా ప్రాసెసర్లు ఖాళీగా పడియుండు దోషములను నాల్గింటిని లినక్స్‌లో చూపిరి. అవి లాక్ దోషములు కావు, పంపక సూత్రముల దోషములు; ఐనను లాకులను మానుటకై షెడ్యూలరు ఎంత జటిలమైనదో వాని దాగుడుతనమే చెప్పును. వేరొకవైపు, 2018 నుండి బయటపడిన ప్రాసెసరు భద్రతాలోపములవలన, ఒకే కోరులోని రెండు థ్రెడ్లమీద పరస్పరము నమ్మని టాస్కులు నడువరాదని 2021లో 5.14తో కోర్ షెడ్యూలింగు వచ్చెను. దానిని వాడినచో ఆ జంట రన్‌క్యూలు ఒకే లాక్‌ను పంచుకొనును. పందొమ్మిదేండ్లక్రింద విడదీసినదానిని, కొంతమేరకైనను, మరల కలుపవలసివచ్చినది.

ప్రస్తుతము జరుగుచున్న పని ప్రాక్సీ ఎగ్జిక్యూషన్ అనునది, జాన్ స్టుల్ట్జ్ మొదలగువారు నడుపుచున్నది. మ్యూటెక్సు అను నిద్రపోగల లాక్‌నకై ఆగిన టాస్కును వరుసనుండి తీసివేయక, దాని వంతు వచ్చినప్పుడు ఆ వంతును మ్యూటెక్సు యజమానికి ధారపోయుట దీని ఉద్దేశము. ప్రాధాన్య వారసత్వమునకు ఇది సహజమైన విస్తరణము. ఇందుకు షెడ్యూలరు తరువాతి టాస్కును ఎన్నుకొనునప్పుడు, రన్‌క్యూ లాక్ చేతనుండగా, మ్యూటెక్సు లోపలి లాక్‌నుకూడ పట్టి యజమానిని వెదుకవలెను. మ్యూటెక్సు వదలు కోడులో అదివరకు క్రమము దీనికి తలక్రిందులు: లోపలి లాక్ చేతనుండగానే ఆగినవానిని లేపెడివారు, లేపుటకు రన్‌క్యూ లాక్ పట్టెడివారు. కావున షెడ్యూలరును ముట్టుటకు ముందుగా మ్యూటెక్సు కోడును సవరించి, లేపవలసినవారిని ఒక చిట్టాలో వ్రాసికొని, లోపలి లాక్ వదలిన తరువాతనే లేపునట్లు చేసిరి.